చెవికి గోడ ఎలా తెలుస్తుంది

తొమ్మిదో తరగతి సైన్సులో ప్రతిధ్వని పాఠం చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెవిలో పడిన శబ్దం సెకనులో పదోవంతు పాటు నిలుస్తుంది కాబట్టి, తిరిగొచ్చిన శబ్దం విడిగా వినబడాలంటే అడ్డుగోడ కనీసం 17.2 మీటర్ల దూరంలో ఉండాలి. రెండు మార్కులు తెచ్చిపెట్టే ఈ లెక్కలో తప్పేం లేదు. కానీ చూపులేనివారు రెండడుగుల దూరంలోని బీరువానో, ఎదురుగా నిలబడ్డ మనిషినో శబ్దంతో ఎలా పసిగడతారో అర్థం కాకుండా అడ్డుపడేది కూడా ఈ లెక్కే. పదిహేడు మీటర్ల లోపల ప్రతిధ్వని పుట్టదని దాని అర్థం కాదు. పుడుతుంది, కాకపోతే దగ్గరి వస్తువుల నుంచి వచ్చింది విడిగా వినబడదు. అసలు శబ్దంలో కలిసిపోయి దాని నాదాన్ని మార్చేస్తుంది. నాలుకతో టక్కుమనిపించి దారి తెలుసుకోవడం నేర్చుకుందామని మొదలుపెట్టినవారు కొద్దిరోజులకే "ఏమీ తిరిగి రావట్లేదు" అని విసుగెత్తి మానేస్తుంటారు. ఎప్పటికీ రాని రెండో శబ్దం కోసం చెవి రిక్కించి కూర్చోవడమే దీనికి కారణం.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. చెన్నైలో మామూలుగా ఉండే 30 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. గోడ మూడు మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి 17 మిల్లీసెకన్లు పడుతుంది. మీటరు దూరమైతే 5.7, అరమీటరైతే 2.9 మిల్లీసెకన్లు. మరీ త్వరగా వెనకాలే వచ్చిన శబ్దాన్ని మెదడు రెండో శబ్దంగా లెక్కించదు. మొదటిదానిలోనే కలిపేసి, దిక్కు కూడా మొదటిదానిదే ఖాయం చేస్తుంది. వాలక్, న్యూమన్, రోజెన్‌జ్వైగ్ అనే పరిశోధకులు 1949లో ఈ గుణాన్ని వివరంగా కొలిచారు. టక్కు లాంటి పొట్టి శబ్దాలకు ఈ కలిపేసే గడువు సుమారు 5 మిల్లీసెకన్లు. మాటకు, సంగీతానికి అది నలభై దాకా సాగుతుంది. నాలుగు గోడల మధ్య మాట్లాడుకున్నా మాటలు గజిబిజి కాకుండా తెలిసేది ఈ ఏర్పాటు వల్లే. చెవితో దారి వెతుక్కునేవారు చేయాల్సింది దీనికి తలకిందులు: మెదడు అనవసరమని పక్కన పెట్టేదాన్నే ఏరుకోవాలి. అది సాధనతో వస్తుంది, ఒక్కపూటలో రాదు.

కలిసిపోయిన శబ్దంలో మారేది ఏమిటి? టక్కు కన్నా "ష్‌ష్‌ష్" అనే ఎడతెగని శబ్దంతో ఇది తేలిగ్గా తెలుస్తుంది. ముఖాన్ని గోడవైపు జరుపుతూ ష్‌ష్ అంటుంటే, ఆ సడిలోంచి ఒక సన్నని స్వరం పైకి లేస్తుంది. నేరుగా బయల్దేరిన శబ్దమూ తిరిగొచ్చిన శబ్దమూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడి, కొన్ని కొట్టుకుపోతాయి. బలపడినవాటి వరస ఒక శ్రుతిలా వినిపిస్తుంది. శబ్ద వేగాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ శ్రుతి ఎంతో వస్తుంది. మీటరు దగ్గర సుమారు 175 హెర్ట్జ్, అరమీటరు దగ్గర 350, పావుమీటరు దగ్గర 700. అంటే దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ ఒక స్థాయి పెరుగుతుంది, మంద్ర షడ్జం మధ్య షడ్జం అవుతుంది. మార్గళి కచేరీలకు అలవాటుపడ్డ చెన్నై తెలుగు చెవికి ఇది పట్టుబడటం కష్టమేమీ కాదు. రెండు మీటర్లు దాటాక మాత్రం ఈ శ్రుతి పలచబడిపోతుంది. అక్కడ టక్కు వెనక మిగిలే చిన్న తోక, గది తెరిపిగా ఉందా బిగువుగా ఉందా అన్న భావన పనికొస్తాయి.

ముఖంతో చూడటం అనుకున్నది చెవి పనే

ఫ్రెంచి తత్త్వవేత్త డిడెరో 1749లో ప్రచురించిన లేఖలో ప్యూజో ఊరి అంధుడొకరి గురించి రాశాడు. వస్తువు దగ్గరపడటం ఆయనకు ముఖానికి తగిలే గాలివల్ల తెలుస్తుందని అప్పటి ఊహ. ఆ తర్వాత రెండు శతాబ్దాల దాకా చాలామంది దాన్ని ముఖచర్మానికే అంటగట్టారు. అనుభవించేవారికీ అలాగే అనిపిస్తుంది, గోడ దగ్గరపడితే నుదుటిమీద ఏదో ఒత్తిడి కమ్ముకున్నట్టుంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూపా, కాట్జిన్, డాలెన్‌బాక్ 1944లో ప్రచురించిన ప్రయోగాలు ఈ వాదాన్ని తేల్చేశాయి. ఇద్దరు అంధులను, కళ్లకు గంతలు కట్టిన మరో ఇద్దరు చూపున్నవారిని అడ్డువైపు నడిపించారు. ముఖాన్ని మందపాటి ఉన్నిగుడ్డతో కప్పినా అడ్డును గుర్తించారు. చెవులు మూసేస్తే మాత్రం నేరుగా వెళ్లి గుద్దుకున్నారు. తివాచీ మీద మేజోళ్లతో నడిపిస్తే అడుగుల చప్పుడు తగ్గి గుర్తింపు మందగించింది. చివరికి వాళ్లను సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి, ప్రయోగం చేసేవారు మైకు పట్టుకుని అడ్డువైపు నడుస్తుంటే ఆ శబ్దాన్ని ఇయర్‌ఫోన్లో వినిపించారు. అలా కూడా అడ్డు ఎక్కడుందో చెప్పగలిగారు. అదే ఏడాది జంతుశాస్త్రవేత్త డొనాల్డ్ గ్రిఫిన్ గబ్బిలాలకూ చూపులేని మనుషులకూ కలిపి ఈ విద్యకు ఎకోలొకేషన్ అని పేరు పెట్టాడు. 1950లో కాట్జిన్, డాలెన్‌బాక్ మరో మెట్టు ఎక్కి, తక్కువ పౌనఃపున్యాలున్న శబ్దంతో ఈ పని సాగదని, 10 కిలోహెర్ట్జ్ దాకా హెచ్చు పౌనఃపున్యాలు కావాలని చూపించారు. వయసుతో మొదట పోయేది ఈ పైభాగమే. అరవై దాటాక నేర్చుకునేవారు ముందుగా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోవడం మంచిది.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1962లో మనస్తత్వవేత్త కెల్లాగ్, కొందరు అంధులు మఖ్మల్, డెనిమ్, చెక్క, లోహపు ఫలకాలను చేత్తో తాకకుండా వేరుచేయగలరని చూపాడు. ఏడాది వయసులోనే రెండు కళ్లూ పోయిన అమెరికన్ డేనియల్ కిష్ నాలుక టక్కును పద్ధతిగా బోధించడం మొదలుపెట్టాడు. 2011లో లోర్ థేలర్ బృందం ఇద్దరు నిపుణుల మెదళ్లను స్కాన్ చేసి, టక్కుల ప్రతిధ్వనులు వింటున్నప్పుడు చూపుకు కేటాయించిన మెదడు పైపొర మేల్కొంటోందని నమోదు చేసింది. నేర్చుకోగోరేవారికి ఎక్కువ పనికొచ్చేది మాత్రం 2021 నాటి అధ్యయనం. 21 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 12 మంది అంధులకు, 14 మంది చూపున్నవారికి పది వారాల్లో 20 తరగతులు, ఒక్కొక్కటి రెండు మూడు గంటలు చెప్పారు. వయసు అడ్డు కాలేదు. మూడు నెలల తర్వాత అడిగితే అంధుల్లో 83 శాతం మంది తమ స్వతంత్రత పెరిగిందన్నారు. ఈ తరగతుల లెక్క గుర్తుంచుకోవాలి. మూడురోజుల శిబిరంలో రుచి తెలుస్తుందేమో గానీ విద్య రాదు.

టక్కు ఎలా ఉండాలి

తెలుగువాళ్లకు నోటికొచ్చే మొదటి టక్కు "ప్చ్". అయ్యోపాపానికి, విసుగుకు వాడే ఈ శబ్దం ఈ పనికి పనికిరాదు. నాలుకను పళ్లకానించి గాలి పీల్చడంతో అది సాగి బుసలా తయారవుతుంది, మొదలూ చివరా తెలియదు. కావాల్సింది పిల్లలు గుర్రపు డెక్కల చప్పుడు చేయడానికి వాడే శబ్దంలో మొదటి సగం మాత్రమే. నాలుక కొసను పైపళ్ల వెనక, అంగిట్లో గట్టి భాగానికి అంటించి, కొద్దిగా పీల్చి పట్టుకుని, చటుక్కున కిందికి ఊడదీయాలి. పెదవులు వేలు దూరేంత తెరిచి, దవడ కదలకుండా ఉంచాలి. నిపుణుల టక్కులను 2017లో కొలిచారు. నిడివి సుమారు 3 మిల్లీసెకన్లు, బలమంతా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, దానితోపాటు 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మరికొంత. నోటి ముందు 60 డిగ్రీల కోనులో (శంకువు ఆకారంలో) దాదాపు సమంగా వెళ్లి, ఆ పక్కలకు తగ్గుతుంది.

ఎక్కువగా కనిపించే లోపం జంట చప్పుడు. ఊడిన నాలుక నోటి అడుగుకు తగిలి రెండో "డొక్" పుడుతుంది. అసలు ప్రతిధ్వని రావాల్సిన వేళకే అది వచ్చి కప్పేస్తుంది. నాలుక పూర్తిగా కిందపడకుండా సగంలో ఆపితే పోతుంది. ఫోన్‌లో రికార్డు చేసి, తరంగం బొమ్మ చూపించే ఏదైనా యాప్‌లో చూస్తే ఒక్క ముల్లు ఉందో రెండున్నాయో తేటగా తెలుస్తుంది. రెండో లోపం గట్టిగా కొట్టడం. గట్టి టక్కు దూరపు గోడల్ని కూడా లేపి దగ్గరి సమాచారాన్ని ముంచేస్తుంది. మూడోది వేగం. సెకనుకు ఒకటి రెండు మించితే వినడానికి ఎడమే ఉండదు. చెన్నై ఎండలో అరగంట నడిచాక నోరెండి టక్కు పగులుతుంది. నీళ్లసీసా దగ్గరుంచుకోవాలి, లేదా తెల్లకర్ర కొనను నేలకు తట్టే చప్పుడుకు మారాలి. లోహపు కొన ఉన్న కర్ర చప్పుడు ఖంగుమంటుంది, నైలాన్ కొనది మొద్దుగా ఉంటుంది. అయితే కర్ర శబ్దం నేల దగ్గర, చెవికి మీటరు ముందు పుడుతుంది కాబట్టి నాలుకతో నేర్చిన దూరాల అంచనా దానికి యథాతథంగా సరిపోదు, మళ్లీ అలవాటు చేసుకోవాలి. చిటికె పర్వాలేదు, చప్పట్లు వద్దు. రెండు చేతులూ చిక్కుపడతాయి, పైగా ఒక చప్పట్లా మరొకటి రాదు.

ఇంట్లో మొదలుపెట్టే వరస

టి. నగర్ అపార్ట్‌మెంటయినా పెరంబూరు పాత ఇల్లయినా, మొదటి పాఠానికి 30 సెంటీమీటర్ల ఎవర్‌సిల్వర్ పళ్లెం ఒకటి చాలు. ఫ్యాను, ఏసీ ఆపాలి. కళ్లు మూసుకుని ష్‌ష్ అంటుంటే, సాయం చేసేవారు పళ్లెం అడుగుభాగాన్ని ముఖానికి ఎదురుగా 40 సెంటీమీటర్ల నుంచి 10 దాకా తెచ్చి మళ్లీ వెనక్కి తీసుకెళ్లాలి. గాలి ముఖానికి తగలకుండా మెల్లగా జరపాలి. నాదం మూసుకుపోతున్నట్టు, స్వరం పైకెక్కుతున్నట్టు వినబడేదాకా ఇదొక్కటే చేయాలి. చాలామందికి మొదటి పూటే దొరుకుతుంది. అదే పళ్లెం బదులు తలగడ పెడితే తేడా మరీ స్పష్టం. పళ్లెం పదునుగా తిప్పికొడుతుంది, తలగడ పైభాగాన్ని మింగేసి శబ్దాన్ని మొద్దుబారుస్తుంది.

తర్వాత గోడ. రెండు మీటర్ల దూరంలో నిలబడి, టక్కుమనిపిస్తూ ఒక్కో అడుగు వేసి, చెయ్యి చాచితే తగులుతుందనిపించిన చోట ఆగి, చాచి చూడాలి. చెయ్యి ఆనితే సరే, ఆనకపోతే ఎంత తేడా వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ మోసం చేసేది అడుగుల లెక్క. ప్రతిసారీ ఒకేచోట మొదలుపెడితే చెవి కాదు, కాళ్లు కంఠస్థం చేస్తాయి. అందుకే మొదలుపెట్టే చోటును సాయం చేసేవారు మారుస్తుండాలి. గోడ వచ్చాక తలుపు: మూసిన తలుపు, ఓరగా తెరిచిన తలుపు, బార్లా తెరిచిన తలుపు. గుమ్మం పక్కగా నడుస్తూ టక్కుమంటే తెరిచిన చోట శబ్దం ఒక్కసారి చేయి వదిలేసినట్టు బోలుగా మారుతుంది. ఆ తర్వాత మూల. రెండు గోడలు కలిసే మూల శబ్దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది కాబట్టి బల్లపరుపు గోడకన్నా గట్టిగా పలుకుతుంది. ఆపైన ఇనప బీరువా, పుస్తకాల అర, కర్టెను, పరుపు, నిలబెట్టిన గ్యాస్ సిలిండరు. పుస్తకాల అర, బీరువా ఒకే కొలతలో ఉన్నా ఒకటి శబ్దాన్ని చిందరవందర చేస్తుంది, మరొకటి నీటుగా తిప్పికొడుతుంది.

తల కదపడం నేర్చుకోకపోతే ఇక్కడే ఆగిపోతారు. 2014లో మిల్న్, గుడేల్, థేలర్ చేసిన పరీక్షలో నిపుణులు తల తిప్పుతూ చతురస్రం, త్రికోణం, దీర్ఘచతురస్రం వంటి ఆకారాలను గుర్తించారు. తల కదపొద్దంటే వాళ్లకూ ఊహే మిగిలింది. టక్కు కోను 60 డిగ్రీలే కాబట్టి ముక్కును ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతూ మూడు నాలుగు టక్కులు వేస్తే వస్తువు అంచు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. కొద్దిగా పైకీ కిందికీ ఊపితే ఎత్తు తెలుస్తుంది. 2018లో థేలర్ బృందం నమోదు చేసిన మరో సంగతి, వస్తువు పక్కకు, వెనక్కి జరిగేకొద్దీ నిపుణులు టక్కుల సంఖ్యనూ బలాన్నీ తమకు తామే పెంచుతారని. అనుమానమొస్తే ఇంకో రెండు టక్కులు వేయడంలో నామోషీ లేదన్నమాట.

మనిషిని పసిగట్టడం వేరు లెక్క

గోడ అద్దంలా తిప్పికొడుతుంది. దూరం రెట్టింపైతే దాని ప్రతిధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న వస్తువు అయితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చెల్లాచెదురవుతుంది కాబట్టి దూరం రెట్టింపుకు 12 డెసిబెల్స్ పోతాయి. మనిషి ఈ రెండింటి మధ్య రకం, గోడకన్నా చిన్న వస్తువుకే దగ్గర. పైగా గుండ్రం, పైగా బట్టలు. నూలుచీర, ధోవతి, షర్టు హెచ్చు పౌనఃపున్యాలను కొంత మింగేస్తాయి. 3 కిలోహెర్ట్జ్ శబ్దపు అలపొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఛాతీ వెడల్పు దానికి మూడు రెట్లు ఉంటుంది కాబట్టి తిరిగొస్తుంది. అదే కాలు, చెయ్యి వంటివి అంతగా పలకవు. నిశ్శబ్దమైన గదిలో మీటరు, మీటరున్నర దూరంలో ఎదురుగా మనిషి ఉన్నట్టు సాధన చేసినవారికి తెలుస్తుంది. స్తంభానికీ మనిషికీ తేడా చెప్పడం ఇంకాస్త ముదిరాక వచ్చే పని. స్తంభం పదునుగా సన్నగా పలికితే మనిషి మెత్తగా వెడల్పుగా పలుకుతాడు.

అయితే మనుషుల విషయంలో టక్కుకన్నా ఊరకే వినడం ఎక్కువ ఫలితమిస్తుంది. గాజులు, పట్టీలు, చెప్పుల రాపిడి, సెల్‌ఫోన్ వణుకు, ఊపిరి అన్నీ దొరికే ఆనవాళ్లే. వీటికన్నా నమ్మదగినది నీడ. రోడ్డువైపు నుంచి ఏసీ గుయ్యిమంటోంది, మధ్యలో ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆ గుయ్యిలో పైభాగం తరిగిపోతుంది, శబ్దం దుప్పటి కప్పుకున్నట్టవుతుంది. మనిషి నోరు మెదపకపోయినా ఈ మార్పు దాచలేడు. బ్యాంకు క్యూలో ముందున్నవారు కదిలారా లేదా అని తెలియడానికి టక్కు అక్కర్లేదు, ముందున్న ఏదైనా నిలకడ శబ్దం మీద చెవి పెట్టి ఉంచితే చాలు. గోడ వెంట నడవడానికి కూడా ఇలాంటి ఊరక శబ్దమే ఆధారం. 1999లో ఆష్‌మీడ్, వాల్ వివరించినట్టు, గోడకు దగ్గరగా వెళ్లేకొద్దీ పరిసరాల రొదలో తక్కువ పౌనఃపున్యాలు పోగుపడతాయి. కాబట్టి నడవాలో గోడకు సమాంతరంగా నడుస్తున్న చూపులేని పిల్లవాడు టక్కుమనకుండానే గోడను వినగలడు.

ఇక్కడ మర్యాద మాట ఒకటుంది. మన ఊళ్లలో అపరిచితుల ముందు నాలుకతో టక్కుమనిపిస్తే, ముఖ్యంగా ఆడవాళ్ల ముందు, అర్థం వేరేగా పోతుంది. బస్సులోనూ లిఫ్టులోనూ అందుకే టక్కు వద్దు. మనుషులున్నారనుకున్న చోట నోరు విప్పి అడగడమే మేలు. "కొంజం వళి విడుంగ" (కొంచెం దారి ఇవ్వండి) అన్న మూడు తమిళ ముక్కలు చెన్నైలో ఏ పరికరంకన్నా త్వరగా దారి చేస్తాయి. అడిగినప్పుడు వచ్చే జవాబు ఎదుటివారి దిక్కునూ ఎత్తునూ కూడా ఉచితంగా చెప్పేస్తుంది.

చెన్నై వీధుల్లో

సాధనకు తెల్లవారుజాము ఆరు గంటలు మంచి వేళ. వాణిజ్య ప్రాంతాలకు చట్టం పగటిపూట పెట్టిన హద్దే 65 డెసిబెల్స్. టి. నగర్ రంగనాథన్ వీధిలో పదకొండు గంటలకు టక్కు కాదుకదా సొంత మాటే వినబడదు, అక్కడ కర్రనూ తోడునూ నమ్ముకోవాలి. జార్జ్‌టౌన్‌లో కన్యకా పరమేశ్వరి దేవస్థానం చుట్టుపక్కల ఇరుకు సందులు ఉదయం వేళ బాగా పలుకుతాయి. రెండు పక్కలా గోడలు దగ్గర, మధ్యలో సందు తెగిన చోట ఖాళీ చటుక్కున తెలుస్తుంది. మెరీనా ఇసుకలో మాత్రం ఏ విద్యా పనిచేయదు. తిప్పికొట్టడానికి ఏమీ ఉండదు, పైగా అలల హోరు అన్ని పౌనఃపున్యాలనూ కప్పేస్తుంది. అక్కడ అలల దిక్కే దిక్సూచి.

ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలుమార్గపు స్టేషన్ల పెద్ద కాంక్రీటు హాళ్లు కొత్తవారిని బెదరగొడతాయి. మార్మోత ఎక్కువై అన్నీ కలిసిపోతాయి. అక్కడ టక్కును పెంచకూడదు, తగ్గించాలి. చిన్న టక్కు దూరపు పైకప్పు దాకా వెళ్లి వచ్చేసరికి రొదలో మునిగిపోతుంది, దగ్గరి స్తంభం నుంచి వచ్చింది మాత్రం మిగులుతుంది. భూగర్భ మెట్రో ప్లాట్‌ఫారం మీద గాజు తలుపుల వరస చదునుగా గట్టిగా పలుకుతుంది, తెరుచుకున్న తలుపు ఖాళీ కూడా వినబడుతుంది. గాజు విషయంలో చెవి కంటికన్నా నమ్మకస్తురాలు. తేటగా తుడిచిన షోరూము అద్దానికి చూపున్నవాళ్లు ముక్కు గుద్దుకుంటారు, టక్కుమనేవారు ఆగిపోతారు.

కానీ మాంబళం, సైదాపేట వంటి సబర్బన్ స్టేషన్లలో ప్లాట్‌ఫారం అంచును ఏ టక్కూ చెప్పదు. అంచు కిందికి పోయే ఖాళీ, నోటినుంచి ముందుకు వెళ్లిన శబ్దానికి అక్కడ తగలడానికి ఏమీ లేదు. తెరిచిన మురుగుకాలువ, మెట్లు దిగడం, తవ్వి వదిలేసిన గుంత అన్నీ ఇంతే. దారిలో పాతిన మోకాలి ఎత్తు పొట్టి స్తంభం (బొల్లార్డు), నేలమీది రాయి, కట్టిన తాడు, కరెంటు స్తంభానికి వాలుగా లాగిన స్టే వైరు కూడా టక్కుకు దొరకవు. వాటిలో కొన్ని మరీ సన్నం, కొన్ని కోనుకు దిగువన ఉంటాయి. వీటిని పట్టుకునేది తెల్లకర్ర. కర్ర పట్టలేనిది నడుముకు పైన ఉండేది: ఆగిన లారీ వెనకభాగం, ట్రాన్స్‌ఫార్మరు పెట్టె, కొట్టు ముందుకు దించిన రేకు. టక్కు అసలు చోటు అక్కడ. కర్ర కింద, టక్కు పైన. ఒకటి వచ్చిందని రెండోది ఇంట్లో పెట్టి వెళ్లినవారు ఆసుపత్రి పాలవుతారు.

కదిలే వాహనాన్ని టక్కుతో పట్టుకుందామనుకోవడం మరో ప్రమాదం. మోటారుసైకిలు లాంటిది నాలుగు మీటర్ల దూరంలో తెలిసిందనే అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు ఐదున్నర మీటర్లు, మిగిలేది ముప్పావు సెకను కూడా కాదు. రోడ్డు దాటడానికి వినాల్సింది ఇంజనునూ టైర్లనూ. 2025 నుంచి నగర బస్సుల సంస్థ ఎంటీసీ నడుపుతున్న విద్యుత్ బస్సులు, బ్యాటరీ ఆటోలు, స్కూటర్లు మెల్లగా పోయేటప్పుడు ఆ చప్పుడూ కరువే. వేగం పెరిగితే టైరు శబ్దం వినబడుతుంది, స్టాపులోకి వస్తున్నప్పుడు వినబడదు. సిగ్నలు దగ్గర, బస్టాపు దగ్గర పక్కవారిని అడిగి దాటడమే నిఖార్సయిన పద్ధతి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. వానచప్పుడు హెచ్చు పౌనఃపున్యాలను కప్పేస్తుంది, గొడుగు తన గుమ్మటంలోంచి టక్కును నేరుగా చెవిలోకే కొడుతుంది, రెయిన్‌కోటు టోపీ చెవులు మూసేస్తుంది. వానలో దగ్గరి వస్తువుల కబురు వేరేగా వస్తుంది. రేకు మీద, కారు మీద, చెట్టు మీద, మట్టి మీద చినుకు పడే చప్పుళ్లు వేరు కాబట్టి ఎక్కడ ఏముందో వానే పలికిస్తుంది. గుడ్డ మాస్కు వేసుకుంటే టక్కు మొద్దుబారుతుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మ్యాప్ వింటూ నడిస్తే దిక్కు తెలియదు. రెండు చెవుల మధ్య తేడా మహా అయితే 0.7 మిల్లీసెకన్లు, దానితోనే ఎడమా కుడీ తేలాలి. దారి చెప్పించుకోవాలంటే చెవి తెరిచి ఉంచి, ఎముక ద్వారా శబ్దం పంపే హెడ్‌ఫోన్లు వాడాలి. జలుబుతో ఒక చెవి దిబ్బడేసిన రోజు కూడా ఇదే ఇబ్బంది.

పరికరాల సంగతికొస్తే, ఐఐటీ దిల్లీ రూపకల్పనలో చెన్నైకి చెందిన ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తయారుచేసే స్మార్ట్‌కేన్ ఉంది. కర్ర పిడికి బిగించే ఆ పెట్టె చెవికందని అల్ట్రాసౌండ్ పంపి, మోకాలు నుంచి తలదాకా ఎత్తులో మూడు మీటర్లలోపు అడ్డుంటే వణుకుతుంది. రణగొణలో ఇది టక్కుకన్నా గట్టిది. కానీ అడ్డు ఉందని మాత్రమే చెబుతుంది, అది గోడో గుడ్డో మనిషో చెప్పదు, బ్యాటరీ అయిపోతే ఆ మాటా చెప్పదు.

వచ్చిందో లేదో పరీక్షించడం

సాధన చేసేవారూ సాయం చేసేవారూ ఇద్దరూ తెలియకుండానే తమను తాము మోసం చేసుకునే చోటు ఇది. పళ్లెం పెట్టేటప్పుడు స్టాండు కిర్రుమంటుంది, పెట్టినవారు ఊపిరి బిగబడతారు, పెట్టని వంతులో త్వరగా "ఊఁ" అంటారు. చెవి ఇవన్నీ పట్టేసి టక్కుకు పేరు కట్టబెడుతుంది. అందుకని పళ్లెం ఉండాలా వద్దా అన్నది ముందే నాణెం ఎగరేసి 20 వంతులకు కాగితం మీద రాసుకోవాలి. పళ్లెం చేత్తో పట్టుకోకుండా అరమీటరు దూరంలో స్టాండు మీద ఆనించాలి. పెట్టినా పెట్టకపోయినా ఒకే అన్ని అడుగులు, ఒకే అంత సమయం. ఆ సేపు నేర్చుకునేవారు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూనిరాగం తీయాలి. సాయం చేసేవారు వెనక్కొచ్చి భుజం తట్టాక మూడు టక్కులు, ఒక జవాబు. తప్పో ఒప్పో 20 వంతులూ అయ్యేదాకా చెప్పకూడదు. 15 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబితే గుడ్డి అదృష్టానికి అవకాశం రెండు శాతమే. 12, 13 దగ్గర ఆగితే ఇంకా రాలేదనే లెక్క, మళ్లీ ష్‌ష్ దగ్గరికి వెళ్లాలి. 15 దాటితే పళ్లెం దూరాన్ని 75 సెంటీమీటర్లకు, తర్వాత మీటరుకు పెంచాలి. మీటరు దగ్గర తడబడితే పెద్ద పళ్లేనికి మారాలేగానీ టక్కును గట్టిచేయకూడదు. ఈ పరీక్ష ఫ్యాను ఆపి ఒకసారి, తిరుగుతుండగా ఒకసారి చేయాలి. చెన్నై వేసవిలో ఫ్యాను తిరగని గది దొరకదు, ఫ్యాను కింద పనిచేయని విద్య ఏప్రిల్‌కల్లా అటకెక్కుతుంది.